నాలుగోసారి పిలిచే వీరన్న

దీపాలు పెట్టాక మా పేటలో ఉప్పు కొఠారు వైపు ఎవరూ వెళ్ళరు. వెళ్ళినా, వెళ్ళామని చెప్పరు.

కొఠారంటే ఒకప్పుడు ఉప్పు నిలవ చేసిన గిడ్డంగి. ఇప్పుడు నాలుగు గోడలు, సగం పెంకులు. వెనక మొగలి పొదలు, పొదల వెనక ఉప్పుటేరు. దూరాన స్టీలు ప్లాంటు కడుతున్నచోట రాత్రంతా నీలంగా మెరిసి ఆరిపోయే వెల్డింగు మంటలు.

లోపల వీరన్న ఉన్నాడు.

బతికున్నప్పుడు ఆ కొఠారుకి కాపలా మనిషి. పదిహేనేళ్ళ కిందట ఒక తుపాను రాత్రి ఇంట్లోంచి బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. శవమైనా దొరకలేదు. ఇప్పుడు కొఠారు పక్కనుంచి ఎవరైనా నడిస్తే, భూమి లోపలినుంచి పేరు పెట్టి పిలుస్తాడు...

మామూలు దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. అందుకే మా వైపు రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపుకిగాని పలకరు. సొంత మొగుడు గుమ్మంలో నిలబడి పిలిచినా అంతే. కొందరు ఇల్లాళ్ళు పగలు కూడా ఈ పద్ధతే పాటిస్తారు, అది వేరే సంగతి. కాని వీరన్న గడుసువాడు. మూడుసార్లూ పిలుస్తాడు. అతన్ని పట్టిచ్చేది నాలుగో పిలుపు. మనిషన్నవాడు మూడుసార్లు పిలిచి, పలక్కపోతే తిట్టుకుంటూ పోతాడు. నాలుగోసారి కూడా పిలిచాడంటే... అది మనిషి కాదు.

ఇదంతా మా పేటకి చెప్పింది నీలకంఠం.

చెప్పడం కాదు, పుట్టించిందే నీలకంఠం. ఆ సంగతి అప్పట్లో అతనికొక్కడికే తెలుసు.

నీలకంఠం స్టీలు ప్లాంటులో ఫిట్టరు. భూమి ప్లాంటుకి పోతే ఉద్యోగం వచ్చింది. అతని పెళ్ళి ఆనందపురంలో అయింది. అలకపాన్పు ఎక్కిన అల్లుళ్ళు వాచీ అడుగుతారు, స్కూటరు అడుగుతారు. నీలకంఠం కోళ్ళగూడు అడిగాడు. మామగారు సంతోషం పట్టలేక గూటితోపాటు కోళ్ళు కూడా ఇచ్చేశాడు.

ఆ గూడు నిజానికి కారు. ఎప్పుడో మాంగనీసు కంపెనీ దొర ఒకడు సముద్రం మీంచి తెప్పించుకున్నది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు భాగం మొసలి మూతిలా పొడుగు. మద్రాసు దగ్గర షోళవరం దాకా వెళ్ళి రేసులాడి వచ్చిందట. దొర వెళ్ళిపోయాక చేతులు మారి మారి చింతచెట్టు కింద ఆగింది. డ్రైవరు సీట్లో పెట్టలు పొదిగాయి. అంతటి బండి మా పేటలోకి రెండు జతల ఎడ్ల వెనకాల వచ్చింది.

నీలకంఠం ఇంటికీ కొఠారుకీ గోడ ఒకటే. ఆ గోడకి తలుపు కొట్టి, కారుని కొఠారులోకి తోయించాడు. డ్యూటీ దిగడం, కారు విప్పడం. తుప్పంతా గీకాడు. ఇంజను సిలిండర్లు బోరు కొట్టించాడు. ఒక్క కార్బురేటరు ఉన్నచోట రెండు బిగించాడు. దొర కాలంలో ఎంత ఉరికిందో అంతకంటే ఎక్కువ ఉరికించాలని అతని పంతం. ఇంటి కుళాయి మాత్రం ఏడాదినుంచి కారుతూనే ఉంది.

కారు వచ్చాక మా పేటలో మెకానిక్కు కానివాడు లేడు. టైం ఆఫీసు గుమస్తా శ్రీరామ్మూర్తి రోజూ వచ్చి, సైకిలు తొక్కడం కూడా రానివాడు, ఇంజను ఎలా ఉండాలో చెప్పి వెళ్ళేవాడు. పైడయ్య పడవకి మేకులు కొట్టుకోవడానికి స్పానరు పట్టుకెళ్ళి, దాన్ని సుత్తి చేసి తెచ్చాడు. పిల్లలు హారను నొక్కి నొక్కి దాని గొంతు పోగొట్టారు.

అప్పుడు పుట్టాడు వీరన్న.

ఒక సాయంత్రం టీ బడ్డీ దగ్గర నీలకంఠం మెల్లిగా అన్నాడు, రాత్రి కొఠారులోంచి తనని ఎవరో పిలిచారని. అంతే. మిగతాది మేమే చేసుకున్నాం. రాత్రుళ్ళు లోపల అతను కొట్టే సుత్తి దెబ్బలు వీరన్న దింపుతున్న ఉప్పు బస్తాలయ్యాయి. అతని బీడీ దగ్గు వీరన్న దగ్గయింది. అతనూ రాత్రి అటు వెళ్ళనని అందరికీ చెప్పుకున్నాడు, మేమూ నమ్మాం. ఎనిమిది నెలలు అతన్ని స్పానరు అడిగినవాడు లేడు.

అతని పెళ్ళాం గౌరీశ్వరి మాత్రం ఒకటే మాట అంది. దెయ్యం కొఠారులో ఉందో లేదో తెలీదుగాని, పట్టింది మాత్రం తన మొగుడినేనట.

ఆ ఏడు, ఎనభై నాలుగులో, ఆవిడ తమ్ముడి పెళ్ళి వచ్చింది. నీలకంఠం కూడా మధ్యాహ్నం పేట చూస్తుండగా బస్సెక్కాడు. గాజువాకలో దిగిపోయాడు. డ్యూటీ పడిందని పెళ్ళాంతో చెప్పి, సెలవు పెట్టానని ప్లాంటులో చెప్పి, ఉప్పు మళ్ళ గట్లంట ఎవరికీ కనపడకుండా కొఠారుకి చేరుకున్నాడు. మూడు రోజులు. కారూ, తనూ. కొత్త గేరుబాక్సు ఎక్కించేస్తే బండి రోడ్డెక్కుతుంది.

కొఠారు మధ్యలో ఒక గొయ్యి ఉంది. పాత రోజుల్లో ఉప్పు తూచే పెద్ద కాటా దాంట్లో ఉండేది. కాటా పోయింది, నిలువెత్తు గొయ్యి మిగిలింది. దాని మీద రెండు టేకు దూలాలు పరిచి కారుని ఎక్కించాడు. కిందికి దిగి నిలబడితే ఇంజను అడుగు సరిగ్గా చేతికందుతుంది. అంత వసతి ప్లాంటు షెడ్డులో కూడా లేదు.

ఒకటే ఇబ్బంది. గోతి గోడకి అడుగున బిందె నోరంత బొక్క ఉంది. ఏటికి పోటు వచ్చినప్పుడు దాంట్లోంచి నీళ్ళొస్తాయి. చీలమండల దాకా వస్తాయి, పోతాయి. నీలకంఠం పట్టించుకోలేదు.

ఆ రోజు పున్నమి. పున్నమి పోటు ఎంతెత్తు లేస్తుందో పైడయ్యలాంటి చేపల వేటగాడికి తెలుస్తుంది. ప్లాంటు షిఫ్టు కాగితంలో పున్నములు రాయరు.

చీకటి పడింది. లాంతరు గోతిలో మేకుకి తగిలించుకుని, నీలకంఠం గేరుబాక్సుని తాడుతో పైకి లాగుతున్నాడు...

టప్ మంది.

ఉప్పు తిన్న దూలం. పైకి నున్నగా, లోపల గుల్ల. ముందు చక్రం జారింది. కారు ఒక పక్కకి ఒరిగి, కుండ మీద మూకుడు పడ్డట్టు గోతి నోటి మీద కూర్చుంది.

నీలకంఠం గోడకి అంటుకుపోయాడు. దెబ్బ తగల్లేదు. చేతులు చూసుకున్నాడు, కాళ్ళు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. నవ్వొచ్చింది కూడా.

తర్వాత పైకి చూశాడు.

దిగిన సందు లేదు. నిచ్చెన విరిగి రెండు ముక్కలైంది. ఒక మూల మాత్రం చెయ్యి పట్టేంత సందు ఉంది... మోచేతి దాకా. భుజం ఆనించి కారుని ఎత్తబోయాడు. నెలల తరబడి తనే బిగించిన ఇనుము. కదల్లేదు.

ముక్కుకి పెట్రోలు వాసన తగిలింది. పైపు తెగింది. చుక్కా చుక్కా... లాంతరు పక్కనే పడుతోంది.

ఊపిరి బిగబట్టి లాంతరు ఊదేశాడు.

చీకటి. చుక్కల చప్పుడు. దాని కింద ఇంకో చప్పుడు, బొక్కలోంచి గుడగుడమని.

నీళ్ళు.

చీలమండలు దాటాయి. పిక్కలు దాటాయి. చొక్కా విప్పి బొక్కలో కుక్కాడు. ఏరు దాన్ని ఉమ్మేసింది. గోనె సంచి కుక్కాడు. అదీ బయటికొచ్చింది.

అప్పుడు పైన అడుగుల చప్పుడు. ఆ ఈడ్చే నడక పైడయ్యది. బుట్టతో ఏటికి వెళ్తున్నాడు.

"పైడయ్యా..."

అడుగులు ఆగాయి.

"పైడయ్య బావా..."

పలకలేదు. పలకడు, ఇది రెండోదేగా.

"బావా, నానే..."

పైన పైడయ్య గొంతు సవరించుకోవడం వినబడింది. పలకబోతున్నాడు. ఇంకొక్క క్షణం ఓపిక పట్టి ఉంటే పలికేవాడు. కాని నీళ్ళు మోకాళ్ళకి చల్లగా తగిలాయి, నోరు ఆగలేదు.

"ఓ పైడయ్యా."

అది నాలుగోది.

బుట్ట కిందపడింది. పరుగు వినబడింది. పైడయ్య ఆ రాత్రి పరిగెత్తి ఇంటికి చేరాడనుకుంటారు. చేరలేదు. ఇల్లు దాటి వెళ్ళిపోయాడని వాళ్ళావిడే చెప్పింది.

గోతిలో నీలకంఠం వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ లెక్క పెట్టింది తనే.

నీళ్ళు తొడల దాకా వచ్చాక శ్రీరామ్మూర్తి వచ్చాడు. షిఫ్టు బస్సు దిగి అడ్డదారిన వస్తున్నాడు. దెయ్యాలు లేవని లైబ్రరీలో రెండుసార్లు ఉపన్యాసమిచ్చిన మనిషి. నీలకంఠానికి ప్రాణం లేచొచ్చింది. ఈసారి జాగ్రత్తగా మూడే పిలుపులు పిలిచాడు. నాలుగోది పంటికింద నొక్కి పట్టాడు.

"ఎవులది?" అన్నాడు శ్రీరామ్మూర్తి. గొంతు సన్నగా వచ్చింది.

"నాను. నీలకంఠాన్ని. గోతిలో ఇరుక్కుపోనాను. వీరన్నా నేడు, దెయ్యమూ నేదు. నానే పుట్టించినాను."

పైన విజ్ఞానం పనిచేస్తోంది.

"నీలకంఠం మజ్జాన్నం బస్సెక్కడం నా కళ్ళతో సూసినాను," అన్నాడు చివరికి. "దెయ్యం నేదని సెప్పాలంటే... దెయ్యమే సెప్పాల. నాకైతే ఇలాటివాటి మీద నమ్మకం నేదు."

అని, నమ్మకం లేని కాళ్ళతోనే పరిగెత్తాడు.

నడుము మునిగింది. నీలకంఠం అరిచాడు. అరిచి అరిచి గొంతు పోయింది, అచ్చం కారు హారను పోయినట్టే. స్పానరు తీసి కారు అడుగున కొట్టాడు. ఖంగు... ఖంగు... ఆ చప్పుడుకి పేటలో ఎవరైనా వస్తారని కొట్టాడు.

తలుపులు ఒక్కొక్కటే గడియ పడటం వినబడింది.

స్పానరు చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. అతను మళ్ళీ వెతకలేదు. గౌరీశ్వరికి తను ప్లాంటులో ఉన్నాడు. ప్లాంటుకి తను ఆనందపురంలో ఉన్నాడు. పేటకి తను దెయ్యం. మూడు రోజుల దాకా అతను ఎక్కడా లేనట్టే.

నీళ్ళు పొట్ట దాటాయి.

"మావా..."

ఆడ గొంతు. సందు పక్కనే, నేల మీదికి వంగి. నీలకంఠం పలకలేదు.

"మావా..."

పళ్ళు బిగబట్టాడు. చచ్చిపోతున్నా సరే, రెండో పిలుపుకి పలకడం అతనికీ చేతకాలేదు.

"మావా... నువ్వేనా?"

మూడోసారికి గొంతు పోల్చుకున్నాడు. కాసులమ్మ. వీరన్న పెళ్ళాం. పేట చివర ఎండు చేపలు అమ్ముకునే ముసలమ్మ. ఆ కథ అల్లినప్పుడు వీరన్నకి పెళ్ళాం ఒకతె ఉందన్న సంగతి నీలకంఠానికి గుర్తే లేదు.

పలికితే ఆగుతుంది. నిజం చెబితే వెళ్ళిపోతుందేమో. నీళ్ళు రొమ్ముకి తగిలాయి.

"ఊఁ" అన్నాడు.

పైన ఆవిడ కూలబడిన చప్పుడు.

"పేటందరినీ పిలుస్తన్నావంట," అంది మెల్లిగా. "నన్నొక్కదాన్నే పిలవనేదు."

నీలకంఠం సందు వైపు మొహం ఎత్తాడు.

"ఎనిమిది నెల్లయి వస్తన్నాను. ఆ గోడవతల కూసుంటన్నాను. నీ దగ్గు ఇనుకోని ఎలిపోతన్నాను. ఇయ్యాల గొంతు ఇని లోపలికొచ్చినాను." గొంతు ఇంకా దగ్గరికొచ్చింది. "ఆ రాత్రి ఎల్లినోడివి మల్లీ ఎందుకు రానేదు మావా?"

పెట్రోలు వాసనకి నీలకంఠం తల తిరుగుతోంది. ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. కథలు చెప్పడం అతనికి కొత్తేమీ కాదు. కాని నోరు తెరిస్తే ఆ కథ రాలేదు.

"అత్తా," అన్నాడు. "నాను నీలకంఠాన్ని. వీరన్న మావ ఇక్కడ నేడు. కారు దగ్గరికి ఎవులూ రాకుండా నానే కట్టినాను ఆ కత."

నీళ్ళ చప్పుడు. చుక్కల చప్పుడు.

"మరి ఆ దగ్గు?"

"నాదే. బీడీ దగ్గు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. అదీ లేదు.

"నీళ్ళొచ్చేస్తన్నాయత్తా. ఎవులినైనా పిలు..."

"పిలిస్తే ఎవులొస్తారు? నీ కత అలాటిది." ఆవిడ గొంతు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. "తూము తెరిసుంటాది. ఏటొడ్డున, మొగలి పొదల్లో. నీ గోతిలోకి నీళ్ళొచ్చేది అందులోంచే. పలక దించితే ఆగిపోద్ది. ఆ రాత్రి అది ముయ్యడానికే ఎల్లినాడు."

"అత్తా, నీ కాళ్ళట్టుకుంటాను. దించత్తా."

ఆవిడ లేచింది. నీలకంఠం చెవులు రెండూ ఆ అడుగుల మీదే పెట్టాడు. ఏటి వైపు వెళ్తే ఎండిన మొగలాకులు గలగలమనాలి.

గలగలమనలేదు. ఇసకలో మెత్తగా, పేట వైపు... దూరమై... ఆగిపోయాయి.

పనిముట్ల పెట్టె మీద ఎక్కి నిలబడ్డాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. గడ్డం. తల పైకెత్తి, కొత్త సైలెన్సరు పక్కనున్న ఖాళీలో ముక్కు పెట్టాడు. ఎనిమిది నెలలు ముద్దుచేసిన ఇనుము బుగ్గకి ఆనుకుంది. కళ్ళు మూసుకున్నాడు.

గలగల...

మొగలాకులు. ఏటి వైపునుంచి. తొందరలేని నడక.

బరువైన చెక్కేదో ఈడుస్తున్నట్టు... ఆగి, మళ్ళీ ఈడుస్తున్నట్టు. తర్వాత నీళ్ళలోంచి గోడకి తగిలేలా దబ్బుమని ఒక చప్పుడు.

గుడగుడ ఆగిపోయింది.

నీళ్ళు అతని కింది పెదవి దగ్గర నిలబడ్డాయి. అక్కడినుంచి తెల్లారేదాకా ఒక్క వేలు కూడా ఎక్కలేదు.

తెల్లారాక పేట మొత్తం వచ్చింది, నీలకంఠం కోసం కాదు. రాత్రి పైడయ్య చెప్పింది, శ్రీరామ్మూర్తి చెప్పింది కలిపి, వీరన్నని వదిలించడానికి భూతవైద్యుడు పోలిరాజుని తెచ్చారు. వేపమండలు, పసుపు నీళ్ళు. సందులోంచి తెల్లగా నానిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. పోలిరాజు దాన్ని వేపమండతో మూడు దెబ్బలు కొట్టాడు. నాలుగో దెబ్బకి చెయ్యి మండ లాక్కుంది. అప్పుడు ఎవరో ఆ వేలికి పెళ్ళి ఉంగరం చూసి, ఆనందపురం అల్లుడని గుర్తుపట్టారు. గొలుసు కప్పీ తెచ్చి కారు లేపేసరికి ఎండెక్కింది.

మగవాళ్ళందరూ ఏటొడ్డుకి వెళ్ళి తూము చూశారు. పలక దిగి ఉంది. ఏళ్ళ తరబడి పొదల్లో పడున్న తాటి పలక, దాని మీద అల్లుకున్న తీగలు అప్పుడే తెగినట్టు పచ్చిగా ఉన్నాయి. పలకకీ రాయికీ మధ్యనున్న సందులో గోనె ముక్క మడిచి దోపి ఉంది.

పున్నమి పోటు తోసి ఉంటుందన్నాడు శ్రీరామ్మూర్తి. గోనె కూడా పోటే మడిచి దోపిందా అని అడిగితే, ఆయనకి డ్యూటీ టైమయింది.

పేటలో ఎక్కువమంది అనేది వేరు. కాసులమ్మే ఇంటికెళ్ళినట్టు వెళ్ళి, ఏటొడ్డంట చుట్టూ తిరిగొచ్చి మూసిందని. మూసి మూయలేదంటోందని. ఎనిమిది నెలల అబద్ధానికి ఒక రాత్రి అబద్ధం చెల్లించిందని. బలంగానే ఉంది ఆ మాట. ఇద్దరు మగవాళ్ళు పట్టినా ఆ పలక లేవలేదన్న సంగతి మాత్రం ఎవరూ పైకనరు.

మూడో రోజున నీలకంఠం ఆవిడ ఇంటికి వెళ్ళాడు. కాసులమ్మ ఇసక మీద ఎండు చేపలు తిరగేస్తోంది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు దించబట్టి బతికినానత్తా."

"నానెక్కడ దించినాను?" అంది తల ఎత్తకుండా. "ఇంటికొచ్చి పడుకున్నాను. ఈ మోకాళ్ళతో పొదల్లోకి ఎలా ఎల్తాను?"

నీలకంఠం ఆవిడ మొహంలో వెతికాడు. ఎండకి ముడుచుకున్న కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఏం చెప్పాలో తెలీక, పలక ఎలా దిగి ఉందో, సందులో గోనె ముక్క ఎలా దోపి ఉందో చెప్పాడు.

చేపల మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"గోనా?"

"గోనే అత్తా. నాలుగు మడతలు పెట్టి."

కాసులమ్మ కొఠారు వైపు చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ వంగి, ఇంకో చేప తిరగేసింది.

"గోనె కుళ్ళిపోద్ది, కొబ్బరి పీచు దోపమని ఎన్నిసార్లు సెప్పినానో," అంది విసుగ్గా. "ఇనడు."